మామూలు కాని రెండువందల పదకొండు రోజులు

పదమూడువేల ఆరువందల అరవై ఎనిమిది వరుసలు చేరాయి, రెండువందల పదకొండు తిరస్కరించబడ్డాయి అని తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పడ్డాయి. ఆకుపచ్చ అంటే అంతా సవ్యంగా ఉందని, ఇక లేచి నడుం విరుచుకోవచ్చని. గోడగడియారంలో మూడు దాటి నాలుగు నిమిషాలు, నాలుగింటికి పై అంతస్తులో మీటింగు, ఆ మీటింగులో నది కట్ట ఎత్తు ఖాయం చేసి సంతకాలు పెట్టేస్తారు, పెట్టాక ఎవరు గోలపెట్టినా అంగుళం కదలదు, ఆ కట్ట చాటున లోతట్టు వీధుల్లో నాలుగువందల ఇళ్ళు, అందులో ఒకటి తనది, ఆ ఇంట్లో కిందిగదిలో మంచం దిగలేని అత్తగారు. నది కొలతల ఆఫీసులో కంప్యూటరు ముందు పదేళ్ళుగా కూర్చుంటున్న ఆమెకు ఇదంతా కొత్త సంగతి కాదు, అయినా ఆ ఆకుపచ్చ అక్షరాల కింద చిన్న చిన్న బూడిదరంగు అక్షరాల్లో, తిరస్కరించిన వాటికి మచ్చుకి ఒకటి అంటూ సాఫ్ట్‌వేర్ చూపించిన ముక్క దగ్గర కళ్ళు ఇరుక్కుపోయాయి. 'పాక ఒకటి తేలుతూ వచ్చింది, పైన కోడి కూర్చుని ఉంది, బతికే ఉంది.' ఈ మాట ఎవరిదో పేరు చూడకుండానే తెలిసిపోయింది, వెనకనుంచి దగ్గు విన్నా మనిషిని పోల్చుకున్నట్టు, ఇది మావయ్య గొంతు, ముప్పై ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున ఆరింటికి నది ఒడ్డున కొలత స్తంభం ముందు నిలబడి నీటి మట్టం రాసిన గేజీ రీడరు, తన మేనమామ.

"అయిపోయిందా అమ్మా?" అంటూ సెక్షన్ ఆఫీసరు వెనకనుంచి తొంగిచూశాడు. ఎవరేమన్నా సరే సరే అంటాడని ఆయనకు ఆఫీసులో సరేసరే సారు అని పేరు, ఎదురుగా ఎవరూ అనరు గాని ఆయనకు తెలుసు.

"రెండువందల పదకొండు పోయాయి సార్."

"ఎన్నిట్లో?"

"పద్నాలుగు వేలకి కాస్త తక్కువ."

"అంటే నూటికి ఒకటిన్నర. బియ్యంలో రాళ్ళు అంతకంటే ఎక్కువ ఉంటాయి. సరే సరే, మొన్నటి లెక్కే కదా, ప్రింటు తీసి పైకి పంపించు."

మొన్నటి లెక్కే, అక్కడే ఏదో గుచ్చుకుంది. పోయిన నెల మచ్చుకి ఎక్కించినప్పుడు కూడా ఇదే రెండువందల పదకొండు, అప్పుడు కూడా తప్పు వరుసలు వదిలేసి ముందుకు సాగాలా అని సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగితే తనే టిక్కు పెట్టింది, అత్తగారికి మందులు తేవాలన్న తొందరలో. నది ఎక్కిన అతి ఎక్కువ ఎత్తు అయిదు మీటర్ల తొంభై అని పైకి పంపింది తనే, దాని మీద ఇంకో మీటరు చిల్లర కలుపుకుని కట్ట ఏడు మీటర్లు చాలన్నారు, కాబట్టి ఆ ఏడు తన చేతి చలవే. సరేసరే సారు వెళ్ళిపోయాడు. ఆమె ప్రింటు తియ్యలేదు, తిరస్కరించిన వరుసల ఫైలు తెరిచింది.

ఈ కామాల ఫైలు సంగతి పొద్దున్నించీ ప్రాణం తోడేస్తోంది. పాత కంప్యూటరు తన దగ్గరున్నదంతా ఒక్కో రోజుకి ఒక్కో వరుసగా, ఒక్కో సంగతికి మధ్య ఒక్కో కామా పెట్టి బయటికి కక్కుతుంది, తేదీ కామా గంట కామా మట్టం కామా వాన కామా వివరం, అంతే, అయిదు గదుల ఇల్లు, కామా అంటే గోడ. కొత్త డేటాబేస్ గోడలు లెక్కపెట్టుకుంటూ లోపలికి తీసుకుంటుంది. మచ్చుదాంట్లో సరిపెట్టినవేవీ ఈ అసలుదాంట్లో లేవు, పొద్దున మొదటిసారి ఎక్కిస్తే తేదీని తిరగేసి చదివి పదమూడో నెల ఎక్కడుందని మొరాయించింది, అది సరిచేస్తే వివరాల్లో మన అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి, ముప్పై ఎనిమిదేళ్ళు మనిషి చెప్పిందంతా వరసగా ప్రశ్నలే అయినట్టు, అదీ సరిచేసి ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు చూస్తే ఈ తిరస్కరించిన వరుసల్లో ఇంటికి అయిదు గదులు కాదు, ఎనిమిది, పది, ఒకదానికి పదిహేడు. ఎందుకంటే మావయ్య వివరం గదిలో కామాలు పెట్టాడు. పెట్టడా మరి, ఆయన మాట్లాడినా అంతే, ఆపడం ఉండదు, ఊపిరి తీసుకునే చోట చిన్న మలుపు తీసుకుని మళ్ళీ సాగిపోతాడు. రిజిస్టరులో ఉన్నదున్నట్టు కొట్టమన్నారు గనుక టైపు చేసినవాళ్ళు ఆయన ఊపిరితో సహా కొట్టారు.

మరి మిగతా పదమూడువేల చిల్లర రోజులు ఎలా చేరాయి? కిందికి జరుపుతూ చూసింది, వివరం గదిలో మామూలు, మామూలు, మామూలు, మామూలు, ఎండాకాలం అంతా మామూలు, చలికాలం అంతా మామూలు, ఆయన పెళ్ళిరోజు మామూలు, తన అమ్మ పోయిన రోజు, అంటే ఆయన సొంత చెల్లెలు పోయిన రోజు కూడా మట్టం ఒక మీటరు పది, మామూలు. ఏడ్చుకుంటూ వెళ్ళి రాశాడో, రాసొచ్చి ఏడ్చాడో. నది మామూలుగా ఉంటే ఆయన ఒక్క మాట రాశాడు, ఒక్క మాటలో కామా ఉండదు, అందుకని గోడలు సరిపోయి లోపలికి వెళ్ళింది. నది మామూలుగా లేని రోజున ఆయన రెండు మూడు మాటలు రాశాడు, చూసిందంతా రాశాడు, ఆ రోజులే గుమ్మం బయట నిలబడిపోయాయి. వరద తీసే రోజున తగ్గింది అని ఒక్క మాటతో సరిపెడితే అది మాత్రం చేరింది, పైకి పంపిన ఆ అయిదు తొంభై అలాంటిదే. పోయింది నూటికి ఒకటిన్నర కాదు. పోయింది వరదలన్నీ. ఒక్కటంటే ఒక్కటి మిగల్చకుండా, చేత్తో ఏరినట్టు, ఈ యంత్రం ముప్పై ఎనిమిదేళ్ళ నదిలోంచి నది కోపాన్నంతా ఏరి పారేసి, సాధువులాంటి నదిని తయారుచేసి ఆకుపచ్చ అక్షరాలతో అప్పజెప్పింది, ఆ సాధువుని చూసి పెద్దవాళ్ళు ఏడు మీటర్లు చాలన్నారు.

చదువుతూ పోయింది, చదవడానికి టైం లేదని తెలుసు, అయినా ఆగలేకపోయింది. 'నీళ్ళు ఎరుపు, ఎగువన ఎక్కడో మన్ను జారింది, వాసన కొత్తగా ఉంది.' 'నిన్న సాయంత్రం చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కాయి, ఇవాళ మూడు మీటర్లు పెరిగింది, చీమలకి జీతం ఇవ్వాలి.' 'ఒక తలుపు, ఒక కుర్చీ, ఒక పాము ఆ కుర్చీలో.' ఇవన్నీ రాసిన మనిషి ఇంట్లో తను పదేళ్ళు తిరిగింది, ఒక్కరోజు కూడా ఇవి చెప్పలేదు, చెప్పాల్సింది రిజిస్టరుకి చెప్పి అన్నానికి వచ్చేవాడు, తడిసిన పంచె పిండుకుంటూ ఇవాళ కాస్త ఎక్కువగా ఉందిలే అనేవాడు, అంతే. మనిషి లోపల ఇంత ఉంటుందా. పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి లోపల ఇంత నది పారుతుంటే చప్పుడు కూడా వినపడదా.

మూడు పదిహేడు. చెయ్యాల్సింది తెలుసు, వివరానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే వాటి మధ్యనున్న కామాలను డేటాబేస్ గోడలనుకోదు, మాటలనుకుంటుంది. రెండువందల పదకొండు వరుసలకి పెట్టుకుంటూ వచ్చింది, మొదట చేత్తో, తర్వాత నాలుగో కామా తర్వాతదంతా ఒక్కటే అనుకొమ్మని చిన్న సూత్రం రాసి, ఒక్కొక్క రోజునీ దుప్పటి కప్పి పడుకోబెట్టినట్టు. మళ్ళీ ఎక్కించింది. నీలంగీత నిండుతోంది, పదిహేను శాతం, ముప్పై, పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, గ్లాసులో టీ మీద మీగడ కట్టింది, యాభై, ఇక అడ్డం పడేవాళ్ళెవరూ లేరన్నట్టు తొంభై, నూరు. పదమూడువేల ఎనిమిదివందల డెబ్భై తొమ్మిది చేరాయి, తిరస్కరించినవి సున్నా. అంతా వచ్చేసింది, ఒక్కరోజు కూడా బయట లేదు, ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది, అతి ఎక్కువ మట్టం చూసింది, ఆరు మీటర్ల నలభై. అయిదు తొంభై కాదు, ఆరు నలభై. కట్ట ఏడు. అయితే సరిపోతుంది కదా. అరమీటరు పైనే మిగుల్తోంది కదా. ఇంతసేపూ అనవసరంగా గాభరా పడ్డానా అనుకుంటూ గీత గీయించి చూసింది, రోజుకో చుక్క చొప్పున నది ఎక్కి దిగే గీత, ఎక్కడ చూసినా కొండలూ లోయలూ, ఒకచోట మాత్రం వింతగా ఉంది. నాలుగు ఎనభై, అయిదు అరవై, ఆరు ముప్పై, అక్కడనుంచి గీత నిట్టనిలువునా బావిలో పడ్డట్టు కిందికి, సున్నాకి. మూడు రోజులు సున్నా. మళ్ళీ నిట్టనిలువునా పైకి, ఆరు పది. నదులు అలా చెయ్యవు. అంతెత్తు వరద రాత్రికి రాత్రి ఇసక తేలేలా ఎండిపోయి, మూడురోజులు ఆగి మళ్ళీ రాదు.

వెతికితే అలాంటి సున్నాలు మొత్తం తొమ్మిది. పాత ఫైలులో ఆ తొమ్మిది రోజులకి మట్టం గదిలో అంకె లేదు, మునిగింది అని ఉంది. కొలత స్తంభం ఎత్తు ఆరున్నర, దాన్ని దాటితే చూడటానికి స్తంభమే ఉండదు, మావయ్య అబద్ధం రాయడు, మునిగింది అని రాశాడు. డేటాబేస్ అంకెల గదిలో అక్షరాలు చూసి, తిరస్కరించకుండా, అడగకుండా, గుట్టుగా మింగేసి సున్నా పెట్టుకుంది. నది అన్నిటికంటే ఎత్తుకి ఎక్కిన తొమ్మిది రోజులు ఇప్పుడు నది ఎండిపోయిన రోజులు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. భయం కాదు, అంతకంటే పెద్దదేదో, ఎత్తయిన చోట నిలబడి కిందికి చూసినప్పటిలాంటిది.

సరేసరే సారు మళ్ళీ వచ్చాడు, మూడు ముప్పై. "సున్నాలు పడ్డాయా? సరే సరే, వాటి ముందురోజుది దింపెయ్. ఆరు ముప్పై. ఎవరు చూడొచ్చారు."

"ఆ రోజు ఎంత ఉందో మనకి తెలీదు సార్."

"తెలీకే కదమ్మా ముందురోజుది వెయ్యమంటున్నది."

"రాశాడు సార్. వివరంలో రాశాడు. నాలుగో మెట్టు, ఏడో మెట్టు అని."

"మెట్టేమిటమ్మా, డేటాబేస్‌లో మెట్లు ఎక్కుతాయా?" అని నవ్వి, నవ్వు సగంలో ఆపి గడియారం వైపు చూసి వెళ్ళాడు.

మెట్టు. ఆ మాట నోట్లో ఉండగానే మోకాళ్ళకి చల్లటి రాయి తగిలింది, గేజీ గది మెట్లు, ఒడ్డుమీద గదికి ఎక్కే పదకొండు మెట్లు, ఒకటి ఎత్తు ఒకటి పొట్టి, ఏడేళ్ళ తనకి మూడోది ఎక్కాలంటే చెయ్యి ఆనించాల్సి వచ్చేది. అరచేతుల్లో మెత్తగా జారే ప్లాస్టిక్ గొట్టం, దాన్నిండా నీళ్ళు, మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే గొట్టం మావయ్య ఎవరినో బతిమాలి తెచ్చాడు, స్తంభం లెక్కని మెట్ల మీదికి ఎక్కించాలని, ఒక కొస తను మెట్టు దగ్గర పట్టుకుంది, రెండో కొస ఆయన కింద స్తంభం దగ్గర నాటిన వెదురుకర్ర పక్కన, మధ్యలో ఇరవై ముప్పై అడుగుల గొట్టం గడ్డిలో పాములా పడుంది, కదపకు పిల్లా కదపకు అని ఆయన అక్కణ్ణించి అరుస్తున్నాడు, గొట్టంలో నీళ్ళు ఊగాయి, పైకీ కిందికీ, ఇంకా చిన్నగా, ఇంకా చిన్నగా, ఆగాయి. నీ దగ్గర ఎంతుందో నా దగ్గరా అంతే ఉంది అన్నాడాయన. ఎలా తెలుసు మావయ్యా నీళ్ళకి, నువ్వు అక్కడున్నావు నేనిక్కడున్నాను, మధ్యలో గొట్టం పల్లంలోకి దిగి మళ్ళీ ఎక్కింది, నీళ్ళకెలా తెలుసు అని అడిగింది. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. నాకూ తెలీదు, నేనూ రోజూ అదే అనుకుంటా అన్నాడు. ఆ రోజు నోరు తెరుచుకుని ఆ గొట్టం కొసలో నిలబడ్డ నీటిబిళ్ళ వంక ఎంతసేపు చూసిందో, ఇప్పుడు అదే నోరు మళ్ళీ తెరుచుకుంది, అదే నీళ్ళ ముందు.

ఫోను మూడుసార్లు మోగాక ఎత్తాడు.

"ఎవరూ?"

"నేనే మావయ్యా."

"నేనే అంటే ఎట్లా, లోకంలో ప్రతివాడూ నేనే. ఏ నేను?"

"నీ మేనకోడల్ని. గేజీ మునిగితే మెట్ల మీద కొలిచేవాడివి కదా, ఆ మెట్ల ఎత్తులు కావాలి."

"గట్టిగా చెప్పు, అవతలి గట్టునించి గొణిగినట్టు చెబుతావేం. ఏం కావాలి?"

"మెట్లు. తొమ్మిదో మెట్టు."

"ఎనిమిది పాయింటు అయిదు నాలుగు," అన్నాడు, ఎదురింటి మనిషి పేరు చెప్పినట్టు. "ఎనిమిదోది ఎనిమిది పాయింటు మూడు ఒకటి. మధ్యలో ఇరవై మూడు. ఆ మెట్టు కాస్త పొట్టిది, ఆ పూట మేస్త్రీ కళ్ళు నెత్తిన ఉన్నాయి. ఏం, ఇప్పుడెవరికి కావాల్సొచ్చింది?"

"కట్టకి. ఏడు మీటర్లు కడతామంటున్నారు."

ఆయన గొంతు తగ్గించాడు. "ఏడయితే నాలుగో మెట్టు రోజునే దాటుతుంది గదే. మీ ఇల్లు ఏ మెట్టు కింద ఉంది?"

ఆమెకు ఆ ప్రశ్న తట్టనే లేదు. "నోటిమాట ఒప్పుకోరు మావయ్యా. కాగితం అడుగుతారు."

"కాగితం లేకుండా నేనెప్పుడైనా మంచినీళ్ళు తాగానా. గొట్టం పట్టిన ఏడాది రిజిస్టరు తియ్యి, వెనక అట్ట లోపలివైపు చూడు. నీ రాతే. నేను చెప్పాను, నువ్వు రాశావు, కింద నేనూ అప్పటి ఇంజనీరూ సంతకాలు పెట్టాం."

"నేను రాసినట్టు గుర్తే లేదు."

"గుర్తుండకపోతే పోనీ, అందుకేగా రాయించింది. పో, టైం చూసుకో."

నడవా చివర ఇనప బీరువా. తలుపు కిర్రుమంది, ముప్పై ఎనిమిది రిజిస్టర్లు, వీపులు చిరిగి, కొన్నిటికి అడుగున నీళ్ళు తాగిన మరకలు, ఏ నీళ్ళో ఎవరికి తెలుసు. గొట్టం పట్టిన ఏడాదిది అడుగు అరలో ఉంది. అట్ట తెరిచింది. పెన్సిలు గీతల గడిలో ఒకటినుంచి పదకొండు దాకా, గుండ్రాలు సరిగ్గా రాని ఏడేళ్ళ చేతిరాత, ఎనిమిది అంటే సున్నా మీద సున్నా కూర్చోబెట్టడం, ఒకచోట రబ్బరుతో చెరిపిన చోట కాగితం పలచబడి వెలుతురు కనపడుతోంది, కింద రెండు సంతకాలు. ఎనిమిది పాయింటు అయిదు నాలుగు, అక్షరం తేడా లేదు. ఇంత ఎత్తు నీటిని ఈ చేతులే రాసి పెట్టుకున్నాయి, ఏడేళ్ళప్పుడు, ఎప్పుడో తన ఇల్లు లేవబోయే వీధుల కోసం, ఆ వీధులింకా చెరుకుతోటలుగా ఉన్న రోజుల్లో. ఆ తర్వాత అయిదేళ్ళకి ఆ పెద్ద వరద వచ్చినప్పుడు తనని ముందే మెట్టమీద పెద్దమ్మ వాళ్ళింటికి పంపేశారు, తిరిగొచ్చాక బురదే చూసింది, అది దిగిపోయాక పదేళ్ళకి వీధులు లేచాయి, ఇళ్ళు కట్టినవాళ్ళెవరికీ నది ఎంతెత్తు నిలబడగలదో తెలియదు. తెలిసింది ఈ అట్టకీ, ఒక ముసలాయనకీ.

మూడు నలభై తొమ్మిది. తొమ్మిది రోజులకీ మునిగింది తీసి మెట్టు చూసి అంకె కొట్టింది, ఆరు అరవై రెండు, ఏడు ముప్పై ఆరు, ఏడు ఎనభై ఒకటి, తీసేసిన మునిగింది అనే మాటని పారెయ్యకుండా వివరం గదిలో మొదట చేర్చింది. ఎక్కించింది. నీలంగీత నిండింది. గీత గీయమంది. ఈసారి బావులు లేవు. నాలుగు ఎనభై, అయిదు అరవై, ఆరు ముప్పై, ఏడు ముప్పై ఆరు, ఎనిమిది యాభై నాలుగు, తెర పైఅంచు చాలక గీత బయటికి పోయింది, బొమ్మ తనంతట తానే కుంచించుకుని మిగతా ముప్పై ఎనిమిదేళ్ళనీ కిందికి అణిచి దానికి చోటిచ్చింది. పదమూడువేల రోజులు గడ్డిలా పరుచుకున్న చోట అదొక్కటి నిలబడింది. ఆమె చూస్తూ ఉండిపోయింది. తెరకి దణ్ణం పెట్టేదే, పక్కసీటు వాళ్ళు చూస్తారని ఊరుకుంది.

మీటింగు గదిలోకి వెళ్ళేసరికి నాలుగు దాటి రెండు నిమిషాలు. బల్లమీద నది అడ్డకోత బొమ్మ పరిచి ఉంది, ఏడు దగ్గర ఎర్రగీత. చీఫ్ ఇంజనీరు మేడం కళ్ళద్దాలు పైకి జరుపుకుంది, సరేసరే సారు గోడవైపు చూస్తున్నాడు. ఆమె ప్రింటునీ రిజిస్టరునీ బొమ్మ మీద పెట్టింది.

"పోయిన నెల అయిదు తొంభై అని మీరే పంపారు," అంది మేడం.

"నేనే పంపానండి. తప్పు వరుసలు వదిలెయ్యమని టిక్కు పెట్టాను. అది వరదలన్నిటినీ వదిలేసింది. ఆ తప్పు నాది."

మేడం అట్టలోపలి రాత మీద వేలు పెట్టి ఒక్కొక్క అంకే దిగింది, సంతకాల దగ్గర ఆగింది, రెండో సంతకాన్ని, అప్పటి ఇంజనీరుదాన్ని, గుర్తుపట్టినట్టుంది, మొహం మారింది. "ఈ తొమ్మిదో మెట్టు రోజు ఆయన ఏం రాశాడో చదవండి," అంది.

ప్రింటు తిరగేసి ఆ వరుస దగ్గర ఆగింది. ఇంతవరకు ఆ వరుసని అంకె కోసమే చూసింది, పూర్తిగా చదవలేదు.

"మునిగింది, తొమ్మిదో మెట్టు, ఉదయం ఆరు గంటలు, నిన్న ఉన్న హోరు ఇవాళ లేదు, నీళ్ళు కదులుతున్నట్టే లేవు, అవతలి గట్టు లేదు, దిగువన పొలాలు లేవు, ఆకాశం ఎంతుందో నీళ్ళూ అంతే ఉన్నాయి, అరగంట నిలబడ్డాను, రాయడానికి ఇంకేమీ కనపడలేదు."

ఫ్యాను గాలికి ప్రింటు అంచు లేచి పడింది. మేడం ఎర్ర పెన్సిలు తీసుకుని ఏడుని అడ్డంగా కొట్టేసింది, పది అని రాసింది, పక్కన పొట్టి సంతకం పెట్టింది. పెట్టి తలెత్తి కిటికీలోంచి చూసింది, ఆమె చూసిందని గదిలో అందరూ చూశారు. కింద నది పారుతోంది, ఇవాళ పొద్దుటి మట్టం నలభై సెంటీమీటర్లు, ఒక కుక్క ఆ నీళ్ళలో తాపీగా నడుచుకుంటూ పోయి, అవతలి గట్టెక్కి, ఒళ్ళు విదిలించుకుంది.